ఎంగిలి కుర్చీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నమ్మకం లేదనేది చిన్న మాట. ఎవురన్నా నా ముందర కూచోని గాలి సోకింది, చూపు తగిలింది అని మొదలుపెడితే నాకు తిక్క రేగుతాది. మా పక్కింటామె బిడ్డకు జరమొస్తే ఆస్పత్రికి తీసకపోకుండా తాయెత్తు కట్టిచ్చింది. ఆ తాయెత్తు నేనే తెంపి పారేసి, తల్లినీ బిడ్డనూ ఆటో ఎక్కిచ్చినా. ఆమె నాతో ఏడాది మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ, బిడ్డ బతికింది.

అట్లాంటిదాన్ని నేను ఇది రాస్తాండా. రాయమని ఎవురూ అడగలేదు. కానీ మా వీధిలో జనం దీన్ని ఇష్టమొచ్చినట్ల చెప్పుకుంటాండారు. ఆ కుర్చీలో దయ్యముండాదంట, చచ్చిపోయిన మా అమ్మ వచ్చి దాంట్లో కూచుంటాదంట. మా అమ్మకు వేరే పని లేదు పాపం! అందుకే జరిగింది జరిగినట్ల నేనే చెప్తా.

నా పేరు కాశింబీ. గోరంట్లలో రోడ్డు మింద మాది కొయ్యపని అంగడి, దాని వెనకే ఇల్లు. మేము తెలుగు మాట్లాడే సాయిబులం. మా అబ్బ, అంటే నాయన వాళ్ల నాయన, దూదేకి బతికినాడు. మా నాయన హుసేనప్పకు ఆ పని నచ్చక, ఒక ఆచారి దగ్గర చేరి కొయ్యపని నేర్చుకున్నాడు. నాయన చేసిన మంచాలకు, కుర్చీలకు నేను నవారు అల్లుతా. మొగుడు పోయినాక నేను నాయన దగ్గరికే వచ్చేసినా. తమ్ముడు దస్తగిరి తాడిపత్రిలో బండల పాలిష్ పనికి పోతాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉండాది, అది ముందు చెప్పల్ల. కుర్చీ చేసినోడు దాన్ని ఇచ్చే ఇంట్లో దించినాక, ముందు తాను కూచోని చూడల్ల. అంగట్లో సరిగ్గా నిలిచిన కుర్చీ ఆ ఇంట్లో నిలవకపోవచ్చు. నాలుగు కాళ్లూ నేలకు ఆనకపోతే, మనిషి కూచున్నప్పుడు ఒక కాలు లేచి టక్కుమంటాది. దాన్ని మేము కుంటు అంటాము. కుంటు ఉంటే పొడుగున్న కాలిని ఆన్నే రవ్వంత చెక్కి, సరిచేసి రావల్ల. కూచోని చూడకుండా కుర్చీ ఇచ్చి వచ్చేవాడు పనోడే కాదని నాయనకు వాళ్ల ఆచారి నేర్పినాడు.

ఇది నలబై ఏండ్ల కిందటి మాట. అప్పుడు నాకు ఎనిమిదేండ్లుంటాయేమో. మా పక్క ఊర్లో పెద్దింటాయన ఒకాయన, తన చేన్లో పడిపోయిన వేపమాను ఇచ్చి, చేతులుండే కుర్చీ ఒకటి చేసియ్యమన్నాడు. ఆ ఊరి పేరు నేను చెప్పను. ఆయన పేరు చెప్పేదానికి నా నోరు రాదు, పెద్దింటాయన అనే అంటా.

నాయన మూడు నెలలు చేసినాడు దాన్ని. ఒక్క ఇనుప మేకు లేదు. చెక్కకు తొలిచి, ఇంకో చెక్క కొస దాంట్లోకి దూర్చి, కొయ్య చీలలతో బిగిచ్చినాడు. కాళ్లు లావుగా, బాడిశ దెబ్బలు కనపడేటట్ల అట్లనే వదిలినాడు. చేతులు మాత్రం చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసినాడు. వీపు చెక్క మింద నిలువునా ఒక జొన్న కంకి చెక్కినాడు. ప్రతి గింజా వేరేగా కనపడుతుండె. నేను ఆ గింజలు ఎంచుతా ఆడుకునేదాన్ని.

పెద్దింటి బండి వస్తే దాంట్లో కుర్చీ ఏసుకోని పోయినాము. నేనూ బండిలో కూచోని పోయినా. వాళ్ల అరుగు మింద నాయన కుర్చీ దించి, భుజం మింద తువ్వాలుతో దుమ్ము దులిపి, కూచున్నాడు. వెంటనే లేచి కాళ్ల వైపు వంగినాడు. అప్పుడే ఆ పెద్దింటాయన లోపల నుంచి వచ్చినాడు.

"ఏంరా హుసేనా, కుర్చీని ఎంగిలి చేసినావు గదరా!" అన్నాడు.

అంతే ఆయన అన్నది. నవ్వుతా అన్నాడు. అరుగు మింద ఉండే నలుగురూ నవ్వినారు. "ఇంగ దాన్ని నువ్వే పెట్టుకోపో" అని లోపలికి పోయినాడు.

కూడు ఎంగిలైతాది. నీళ్లు ఎంగిలైతాయి. కొయ్య ఎట్ల ఎంగిలైతాది? ఆ వేపమాను మింద ఎన్ని కాకులు కూచోలేదు, ఎన్ని కోతులు ఎగరలేదు! వాటికి లేని ఎంగిలి మా నాయనకు యాన్నుంచి వచ్చింది? మూడు నెలలు ఆ కొయ్యను ఒళ్లో పెట్టుకోని చెక్కినప్పుడు కాని ఎంగిలి, ఒక్క నిమిషం కూచుంటే అయ్యిందా? ఎనిమిదేండ్లప్పుడు నాకు ఇన్ని మాటలు రాలేదు. ఇప్పుడొస్తాండాయి, ఏం లాభం?

నాయన నోరెత్తలేదు. అది నాకు ఇంకా మంట. బండోడు పెద్దింటి మనిషి, మళ్లా రానన్నాడు. నాయన కుర్చీని తిరగేసి నెత్తిన పెట్టుకోని నడిచినాడు. ఎండాకాలం, దారిలో ఒక్క చెట్టు లేదు. నేను ఆ కుర్చీ నీడలో నడుచుకుంటా వచ్చినా. ఇంటికొచ్చినాక ఆయన దాన్ని అంగట్లో గోడకు పైన తగిలిచ్చినాడు. దాన్ని ఎవురికీ అమ్మలేదు, విరగ్గొట్టలేదు.

ఆ పొద్దు నుంచి మా నాయన కుర్చీలో కూచోలేదు. ఏ కుర్చీలోనూ కూచోలేదు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కింద కూచునేవాడు. గడ్డం గీకిచ్చుకునేదానికి పోతే ఆ అంగడాయన కిందికి వంగి గీకల్ల. దస్తగిరి పెండ్లిలో అందురూ కుర్చీల్లో ఉంటే నాయన చాప మింద. ఎవురన్నా అడిగితే "నాకు అలవాటు లేదప్పా" అనేవాడు. కుర్చీలు చేసేవాడు అలవాటు లేదంటే జనం నవ్వేవాళ్లు.

కుర్చీ చేసినప్పుడు నన్ను పిలిచేవాడు. "మే, కూచోని చూడు" అనేవాడు. నేను కూచుంటే ఆయన చెవి పెట్టి ఇనేవాడు. అట్ల నా బతుకులో ఎన్ని కుర్చీల్లో కూచున్నానో నాకే తెలీదు. కుంటు అంటే ఏందో నాకు తెలిసినంత బాగా ఈ మండలంలో ఇంకొకరికి తెలీదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, తర్వాత చెప్పేదానికి కావల్ల.

పోయిన ఏడాది నాయన అంగట్లో రంపపు పొట్టు మింద జారి పడినాడు. తుంటి ఎముక విరిగింది. అనంతపురంలో ఆపరేషన్ చేసి రాడ్డు ఏసినారు. డాక్టరు నాకు ఒకటే మాట చెప్పినాడు. "రోజుకు మూడుసార్లు గట్టి చేతులుండే కుర్చీలో కూచోబెట్టు. మంచంలోనే పండుకోని ఉంటే కఫం ఊపిరితిత్తుల్లో చేరుతాది. ఈ వయసులో విరిగిన ఎముక కాదు, ఆ కఫమే మనిషిని తీసకపోతాది."

నాయన కూచోను అన్నాడు.

ఆస్పత్రిలో చక్రాల కుర్చీ తెస్తే కండ్లు మూసుకున్నాడు. ఇంటికొచ్చినాక ప్లాస్టిక్ కుర్చీ పెడితే తల తిప్పుకున్నాడు. మంచం మిందే దిండ్లు ఆనిచ్చి కూచోబెడితే జారిపోతాడు, తుంటి నొప్పికి అరుస్తాడు. కింద కూచుందామంటే ఆ తుంటి వంగదు. వారానికే ఆయన గొంతులో గురగుర మొదలైంది. రాత్రీ పగలూ అదే శబ్దం. నేను తిట్టినా, ఏడ్చినా, "నీ మొండితనానికి నువ్వు చచ్చిపోతావు, నేను యాడికి పోవల్ల" అని అరిచినా. "అలవాటు లేదు మే" అన్నాడు. ఆ మాట ఇని నాకు గోడకు తల కొట్టుకోవల్లనిపిచ్చింది.

ఆ కోపంలోనే నేను నిచ్చెన ఏసి గోడ మింద కుర్చీ దించినా. తెచ్చి ఆయన మంచం ముందర పెట్టినా. "దీంట్లోనన్నా కూచో. లేదంటే నీ కండ్ల ముందరే గొడ్డలి తెచ్చి దీన్ని పొయ్యిలోకి చీలుస్తా" అన్నా. నాయన దాన్ని చూసినాడు. చానాసేపు చూసినాడు. తర్వాత గోడ వైపు తిరిగి పండుకున్నాడు.

సరే, కూచునేదాకా నేను వదలను అనుకున్నా. పాత నవారు చీకిపోయింటే తీసేసి, వసారాలో కొత్త నవారు బిగుతుగా అల్లినా. అల్లినాక కూచున్నా.

టక్.

మా వసారాలో బండలు ఎత్తుపల్లాలు ఉంటాయి, అందుకేమో అనుకున్నా. నాయనను చూసేదానికి ఆ పొద్దు దస్తగిరి, పెండ్లాన్ని తీసుకోని తాడిపత్రి నుంచి వచ్చినాడు. ఇంట్లో వంటగట్టుకు వాడు ముందెప్పుడో తెచ్చిన పాలిష్ బండ ఒకటి మిగిలి ఉండాది. అద్దం మాదిరి ఉంటాది, ఎత్తుపల్లం ఉండదు. దాన్ని వసారాలో పరిచి, రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూసినాము. దాంట్లో బుడగ నడుమనే నిలిచింది. కుర్చీని దాని మింద పెట్టినాము. టేపుతో నాలుగు కాళ్లూ కొలిచినాము. దారం కట్టి మూలమూలకూ కొలిచినాము. తేడా లేదు.

ఖాళీ కుర్చీ కాళ్ల కింద కాగితం దూర్చబోతే ఒక్క కాలి కింద గూడా దూరలేదు. అంటే నాలుగూ ఆనినట్లే. చేతులు పట్టుకోని ఊపితే కదల్లేదు. శెనక్కాయల మూట ఎత్తి పెట్టినాము, కదల్లేదు. దాని మింద ఇంకో మూట పెట్టినాము, కదల్లేదు. మూటలు తీసి నేను కూచున్నా.

టక్. ఎనక ఎడమ కాలు.

దస్తగిరి కూచున్నాడు. టక్. వానికి ముందర కుడి కాలు లేచింది. వాని పెండ్లాం కూచుంటే ఎనక కుడి కాలు. వాడు నా మొగం చూసినాడు, నేను వాని మొగం చూసినా. ఒకే బండ, ఒకే కుర్చీ, మనిషి మనిషికీ ఒక కాలు. నా బతుకులో ఇట్లాంటి కుంటు నేను చూడలేదు. కుంటు అనేది కుర్చీకి ఉంటాది గానీ కూచున్నోళ్లకు ఉండదు.

"వంకరగా కూచుంటాండామేమో అక్కా" అన్నాడు వాడు. సరే, నిటారుగా కూచున్నాము. ముందుకు జరిగి కూచున్నాము, ఎనక్కి ఆనుకోని కూచున్నాము. అదే కాలు, అదే టక్కు.

మరుసటి పొద్దు నాయనకు కట్టు మార్చేదానికి నర్సమ్మ వచ్చింది. ఆయమ్మకు ఈ సంగతి ఏమీ తెలీదు. ఎండలో నడిచి వచ్చి, అమ్మా రామా అని ఆ కుర్చీలోనే కూలబడింది. టక్కుమంది. "కాలు సరిచేసుకోండి, పెద్దాయన పడతాడు" అని చెప్పింది. నేను ఆయమ్మ కాళ్ల దగ్గర కూచోని చూస్తే ముందర ఎడమ కాలు.

ఇంగ వీధిలో మొదలైంది. ఒకామె నిమ్మకాయలు కట్టమంటాది. ఒకాయన దర్గా కాడికి మోసకపొమ్మంటాడు. ఇంకొకామె, మీ అమ్మను తలుచుకోండి, ఆయమ్మే ఎవుర్నీ కూచోనీకుండా చేస్తాండాది అంటాది. చీపురు తీసుకోని అందుర్నీ తరిమినా. ఆడ లోపల మనిషి ఊపిరి అందక గురగురమంటాంటే వీళ్లకు వసారాలో తిరునాళ్ల కావల్ల!

ఆ మాపటేల నాయన నన్ను పిలిచినాడు. ఆ టక్కులన్నీ ఆయన లోపల నుంచి ఇంటానే ఉండాడు.

"ఆ పొద్దు గూడా కుంటింది మే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నాయన దగ్గుతా దగ్గుతా చెప్పినాడు. ఆ పొద్దు ఇంటి దగ్గర అది కొండ మాదిరి నిలిచిందంట. పెద్దింటి అరుగు మింద దించినప్పుడూ నిలిచిందంట. ఆయన కూచోగానే టక్కుమందంట. ఏ కాలని చూసేదానికి లేచి వంగినాడు, అంతలోనే పెద్దింటాయన వచ్చి ఆ మాట అన్నాడు.

"ఎంగిలి అన్న మాటకు నా దగ్గర జవాబు ఉండె. నాలిక మిందికి వచ్చింది గూడా. కానీ కుంటే కుర్చీ చేసకపోయినోడు ఏం నోరెత్తుతాడు? నా పనే తప్పు అనుకున్నా."

నలబై ఏండ్లు నేను మా నాయనకు భయం అనుకున్నా. పెద్దింటోళ్లకు భయపడి నోరు మూసుకున్నాడని ఆయన మింద లోలోపల కోపం పెట్టుకున్నా. ఆయన భయపడలేదు. సిగ్గుపడినాడు. ఆయన అంత పనోడు, తన పని మింద తానే నమ్మకం పోగొట్టుకోని బతికినాడు. దానికి కారణం ఎవురు? చెక్కి సరిచేసేదానికి ఐదు నిమిషాలు ఇచ్చింటే సరిపోయేది గదా! ఆ ఐదు నిమిషాలు గూడా నిలవనియ్యకుండా తరిమినాడే, వాడు కాదా కారణం?

రెండు దినాలకు ఒక కారు వచ్చి ఆగింది. ముప్పై ఏండ్లాయన దిగినాడు, మెత్తగా మాట్లాడతాడు. హైవే పక్కన బెంగళూరోళ్ల కోసం పల్లెటూరి మాదిరి రిసార్టు కడతాండాడంట, పాతకాలం సామాను కావల్లంట. వసారాలో కుర్చీ చూసి ఆయన కండ్లు పెద్దవైనాయి. "అక్కా, చేత్తో చేసిందా ఇది!" అని కూచున్నాడు. టక్కుమంది. అయినా లేచి చుట్టూ తిరిగి ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు. ఏ ఊరు నాయనా మీది అని అడిగితే చెప్పినాడు. ఆ పెద్దింటాయన మనవడు.

అమ్మేది లేదు పో అన్నా. ఆయన బాధపడినాడు గానీ మర్యాదగానే పోయినాడు. పాపం, ఆయనకేం తెలుసు.

మరుసటి పొద్దు పదిగంటలప్పుడు అదే కారు మళ్లా వచ్చింది. ఈసారి ఎనక సీట్లో నుంచి ఆ పెద్దింటాయనే దిగినాడు. తొంబై దాటింటాది. మనవని చెయ్యి పట్టుకోని, కట్టె ఊనుకోని వచ్చినాడు. ఫోటో చూసి, ఇది నా కుర్చీ అని గొడవ చేసినాడంట, తీసకరాక తప్పలేదని మనవడు నాతో మెల్లిగా చెప్పినాడు.

ఆ ముసలాయన నన్ను చూడలేదు, పలకరిచ్చలేదు, ఇది ఎవురి ఇల్లు అని గూడా అడగలేదు. నేరుగా వసారాలోకి వచ్చి కుర్చీలో కూచున్నాడు.

నేను టక్కు కోసం చెవులు రిక్కిచ్చి నిలబడినా. టక్కు కాదు, ఆ కాలు విరిగి వాడు బండ మింద పడితే బాగుండు అని గూడా అనుకున్నా. దేవుని సాక్షిగా అనుకున్నా, దాచేదెందుకు.

శబ్దం రాలేదు.

ఆయన ఎనక్కి ఆనుకున్నాడు. కట్టె అందుకునేదానికి పక్కకు వంగినాడు. మళ్లా సర్దుకున్నాడు. ఎట్ల కదిలినా ఆ కుర్చీ బండకు అతికిచ్చినట్ల నిలిచింది. నాకు నమ్మకం కుదరక కాగితం తీసుకోని మోకాళ్ల మింద కూచోని నాలుగు కాళ్ల కిందా పెట్టి చూసినా. యాడా దూరలేదు. ఆయప్ప కాళ్ల దగ్గర వంగినా నేను! అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతాది.

"నాకోసం చేసింది ఇది. వాడు నాకియ్యకుండా ఎత్తకపోయినాడు" అన్నాడు ముసలాయన, మనవనితో.

నాకు కండ్లు కనపడలేదు. "నువ్వు ఎంగిలి అన్నావు! నలుగురి ముందర నవ్వినావు! మా నాయన ఎండలో నెత్తిన మోసుకోని వచ్చినాడు, ఎనకే నేను నడిచినా!" అని అరిచినా. వీధిలో జనం చేరినారు. దస్తగిరి నా చెయ్యి పట్టుకున్నాడు, ఇదిలిచ్చుకున్నా.

ముసలాయన నా మొగం చూసినాడు. "నేనా? యా పొద్దు?" అన్నాడు.

నటన కాదు అది. ఆయనకు నిజంగా గుర్తులేదు. మా నాయన నలబై ఏండ్లు ఒక్క కుర్చీలో కూచోకుండా మోసిన మాట, అన్నోనికి ఆ సాయంత్రానికే గుర్తులేకుండా పోయింటాది. ఇంగ ఏం అరవల్ల నేను? ఎవురిని అరవల్ల?

లోపల నుంచి నాయన గొంతు వచ్చింది. "మే, కుంటుతాందా?"

నేను మళ్లా ఆ కుర్చీ కాళ్ల వైపే చూసినా.

"నిజం చెప్పు మే. ఆయప్ప కూచుంటే కుంటుతాందా?"

అబద్ధం చెప్పల్లనే అనుకున్నా. కుంటుతాంది నాయనా, ఆయప్పకు గూడా కుంటుతాంది అందామనే నోరు తెరిచినా. కానీ పని సంగతిలో మా నాయనకు నేను ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. "లేదు" అన్నా.

లోపల దగ్గు ఇనపడింది. తర్వాత "అయితే పని సరిగ్గానే చేసినా" అన్నాడు నాయన. "ఆయప్పను లెయ్యమను. నన్ను ఎత్తకరాండి."

మనవడు ముసలాయన్ను లేపినాడు. నేనూ దస్తగిరీ నాయనను మోసకొచ్చి కుర్చీలో దించినాము. రెండు చేతులూ ఆ నున్నటి చేతుల మింద పెట్టినాడు.

టక్.

నాకు ఏడుపొచ్చింది. గొడ్డలి యాడుందని చూసినా. నాయన మాత్రం నవ్వినాడు. రెండుసార్లు కావల్లని అటూ ఇటూ ఊగి, చెవి పెట్టి ఇన్నాడు. "ముందర కుడిది పొడుగుండాది. వెంట్రుక మందం. ఉలి తే మే" అన్నాడు.

ఆయన్ను మళ్లా మంచం మింద దించి, నేను కుర్చీ తిరగేసి పట్టుకున్నా. మొదటి పొద్దు టేపుతో కొలిచినప్పుడు ఆ కాలు మిగతా మూడింటితో సమానంగానే ఉండె. అయినా నాయన చెప్పినట్ల చెక్కి గరుకు కాగితంతో రుద్దినా. చిటికెడు పొట్టు రాలింది. ముసలాయన కట్టె మింద ఊగుతా "నా కుర్చీని కోస్తాండారు, నా కుర్చీని కోస్తాండారు" అంటానే ఉండాడు.

"నీకు చేసింది నీకు సరిపోయింది, చూస్తివి గదా" అన్నాడు నాయన. "ఇంగ నాకు సరిచేసుకుంటాండా."

నా బతుకులో ఆయనను మా నాయన నువ్వు అనడం అదే మొదటిసారి ఇన్నా.

మళ్లా కూచోబెట్టినాము. నాయన ఎనక్కి ఆనుకున్నాడు. శబ్దం లేదు. మధ్యాన్నం దాకా అట్లనే కూచున్నాడు, సంగటి గూడా ఆన్నే తిన్నాడు. నాలుగు దినాలకు గొంతులో గురగుర తగ్గింది. నర్సమ్మ వచ్చి, ఏం మందు మార్చినారు అని అడిగింది.

ముసలాయన కారెక్కేటప్పుడు, బండి పంపిస్తా, కుర్చీ ఎక్కించండి అని చెప్పి పోయినాడు. ఒక్క మాట, తప్పయింది అనే ఒక్క మాట ఆ నోట్లో నుంచి రాలేదు. గుర్తులేనోడు ఏం తప్పని చెప్తాడు అంటాడు దస్తగిరి. నేను ఒప్పుకోను. నాకు ఆ కోపం తగ్గలేదు, తగ్గిచ్చుకునే ఉద్దేశం గూడా లేదు.

కుర్చీ సంగతి ఇంకొకటి ఉండాది. ఇప్పుడు అది ఖాళీగా ఉన్నప్పుడు కుంటుతాది. నేను చెక్కిన కాలు మిగతా మూడింటికన్నా పొట్టి గదా, పాలిష్ బండ మింద వేలు పెడితే చాలు, టక్కుమంటాది. ఆ కాలి కింద కాగితం సులువుగా దూరుతాది. మనిషి కూచుంటే మాత్రం కదలదు. నాయన కూచున్నా, నేను కూచున్నా, దస్తగిరి కూచున్నా, ఆ కాగితమే దూరదు. మూటలు పెడితే మళ్లా కుంటుతాది.

కొయ్యపని తెలిసినోళ్లు ముగ్గురు వచ్చి చూసిపోయినారు. ఒక ఇంజనీరాయన, కొయ్య ఎండేకొద్దీ వంగుతాది, బరువుకు సాగుతాది అని చెప్పినాడు. నలబై ఏండ్లు మా ఊరి ఎండకు గోడ మింద ఏలాడిన కొయ్య ఇంగ ఎంత ఎండుతాది సార్ అని అడిగితే కుర్చీని ఇంకోసారి తిరగేసి చూసినాడు. బరువుకే అయితే, రెండు మూటలు మా తమ్మునికన్నా బరువు గదా అంటే గడియారం చూసుకున్నాడు.

నాకు తెలీదు. దయ్యం అంటే మాత్రం ఒప్పుకోను. కొయ్య అంటే నమ్మలేను. ఇంతకు మించి నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్ల నటించను.

వారం దినాలకు పెద్దింటి నుంచి టెంపో వచ్చింది. ఇద్దరు మనుషులు దిగి, కుర్చీ తీసకరమ్మన్నాడు పెద్దాయన, ఆయన కోసం చేసిందంట గదా అన్నారు. నేను కొంగు బిగిచ్చుకోని వాళ్ల మిందికి పోబోయినా. అంతలో కొడుకు మాదిరి నన్ను సాకిన మా నాయన, వసారాలో ఎనక్కి ఆనుకోని టీ తాగుతా, నన్ను ఆగమన్నాడు.

"గొడవెందుకు మే. కుర్చీలో మనిషి కూచోనుండాడని చెప్పుపో" అన్నాడు.

నేను రోడ్డు మిందికి పోయి, వీధంతా ఇనపడేటట్ల అట్లనే చెప్పినా.